గరుకు గోడ మీద ఎండ

ఇంటి నుంచి,
వానలు వెలిసిన వారం.

వదినగారికి మీ మరదలు నమస్కారం చేసి రాస్తున్నది.

నేను కాపురానికి వచ్చినప్పటి నుంచి మీకు ఒక్క ఉత్తరం ముక్క రాయలేదు. ఫోన్ ఉండగా ఇప్పుడెందుకు రాస్తోందని నవ్వుకుంటారేమో. గోడలకు చెవులుంటాయంటారు కదా, మనింట్లో ఆ పని కూడా అత్తయ్యే చూసుకుంటున్నారు. వంటింట్లో గొంతు తగ్గించి మాట్లాడితే ఆవిడ గదిలోంచి జవాబు వస్తుంది. మేడ మీదికి వెళ్తే "మెట్లెక్కి మరీ ఎవరితోనే మంతనాలు?" అంటారు. అడిగితే నాకు అబద్ధం రాదు. అదే కలం పట్టుకుంటే, ఏం చేస్తున్నావంటే రాస్తున్నానంటాను. అది నిజమే కాబట్టి భయం లేదు.

విషయం ఇది. అత్తయ్య తుంటి ఎముక చక్కగా అతికిందని డాక్టరుగారు చెప్పి చాలా రోజులైంది. చేతికర్ర ఇచ్చారు, పక్కన ఒకరు నిలబడితే చాలు, నడవొచ్చన్నారు. ఆవిడ మాత్రం మంచం దిగడం లేదు. మొన్న వచ్చినప్పుడు డాక్టరుగారు నన్ను బయటికి పిలిచి, "ఈ చలికాలం దాటేలోపు లేవకపోతే కాళ్ళు నడక మరిచిపోతాయమ్మా, తరవాత నేనేమీ చెయ్యలేను" అన్నారు. ఆ మాట ఆవిడకు ఎలా చెప్పను? మెల్లగా, "లేచి కిటికీ దగ్గర కూర్చుందాం రండి అత్తయ్యా" అన్నాను. "ఏం చూడ్డానికి? మంచం మీంచి చూసినా గోడే, కిటికీలోంచి చూసినా గోడే" అన్నారు.

ఆవిడ అన్నదీ నిజమే. ఆ కిటికీ ఎదురుగా సందు, సందు అవతల బేకరీ వాళ్ళ వెనక గోడ. ఇసుకా చిన్న చిన్న రాళ్ళూ కలిపి కొట్టిన గరుకు గోడ, చెయ్యి పెడితే గీరుకుపోతుంది. రెండు ఇళ్ళ మధ్య ఎండ కింద దాకా దిగదు. ఇంతకాలం అది గోడ అని కూడా నేను గమనించలేదు. ఇప్పుడు అత్తయ్య రోజంతా దాన్నే చూస్తున్నారు.

పొద్దున ప్రార్థనకు కూర్చున్నప్పుడు ఒక ఆలోచన వచ్చింది. దేవుడే పంపాడనుకున్నాను. మీరు నాటకాలకు తెరలు వేస్తారు కదా, గుడ్డ మీద ఎండా నీడా పుట్టిస్తారని అందరూ అంటారు. ఆ గోడ మీద కాస్త ఎండ వెయ్యడం నాకు నేర్పుతారా? బళ్ళో బొమ్మల పోటీలో ఒకసారి సబ్బుపెట్టె గెలుచుకున్నాను, అంతకు మించి నాకేమీ రాదు. బేకరీ ఆయన్ని అడిగితే, "మీ అత్తగారు మా పొగ గురించి తిట్టడం ఆపితే గోడంతా మీదే అనుకోండి" అన్నాడు.

ఒక్కటే సందేహం. లేని ఎండను ఉన్నట్టు చూపించడం మోసం కిందికి వస్తుందా? మీకు తోచింది రాయండి.

మీ మరదలు


నాటకశాల వెనక, రంగుల గది.

మెల్లమాటల మరదలికి,

నీ ఉత్తరం చూసి ముందు హడలిపోయాను, ఎవరికేమైందోనని. చదివాక పగలబడి నవ్వాను. సబ్బుపెట్టె సంగతి ఇన్నేళ్ళూ దాచావన్నమాట!

మోసమా అని అడిగావు. ఎండని అమ్మితే మోసం. చూపిస్తే కాదు. మిగతాది నీకూ నీ దేవుడికీ మధ్య, నేను దూరను.

సరే, పని చూద్దాం. గరుకు గోడ అనగానే నాకు నోరూరింది. నున్నటి గోడ మీద ఎండ వెయ్యడం కష్టం, గరుకు గోడ సగం పని అదే చేసి పెడుతుంది. రంగు నేను పంపుతాను. వెలుగు వెయ్యాలంటే కుంచెని దాదాపు ఆరబెట్టి, పడుకోబెట్టి, గోడ మీద ఊరికే అలా ఈడ్చు. రంగు రాళ్ళ నెత్తిన మాత్రమే అంటుతుంది, గుంటల్లోకి పోదు. నీడకు దీనికి తిరగేసి చెయ్యి. రంగుని నీళ్ళలా పలచన చేసి వదిలితే అదే గుంటల్లోకి దిగుతుంది. నీడ కదా అని నలుపు ముట్టుకున్నావో, నీ చెయ్యి విరుస్తాను. గోడ రంగులోనే కాస్త నీలం.

ఇంకో సంగతి. సందులో వెలుతురు పైనుంచే వస్తుంది కాబట్టి గోడ మీద ప్రతి రాయికీ కింద ఓ చిన్న సొంత నీడ ఉంటుంది. మన ఎండ కూడా పైనుంచే రావాలి, ఎడమ పక్క నుంచి. గోడతో తగువు పెట్టుకుంటే గోడే మనల్ని పట్టిస్తుంది.

వట్టి ఎండ ఎందుకు, ఓ కిటికీ వేద్దాం. తెరిచిన కిటికీ, గట్టు మీద పూలకుండీ, లోపల గది, నేల మీద ఎండ. ముందు నువ్వు ఓ చిన్న కిటికీ వేసి చెయ్యి తిప్పుకో. గుర్తుపెట్టుకో: బయటికి ఉన్నదానికి పైన వెలుగు, కింద నీడ. లోపలికి ఉన్నదానికి పైన నీడ, కింద వెలుగు.

ఈలోగా నాకు కొలతలు పంపు. అమ్మ గది కిటికీ, మంచం, ఆ పేము కుర్చీ, వాటి ఎత్తులూ దూరాలూ అన్నీ. ఎందుకని అడక్కు, మా పనిలో అన్నీ కావాలి.

అమ్మ ఫోన్‌లో ఏమందో నీకు తెలుసో లేదో. "నన్ను మంచంలో చూడ్డానికి రావద్దు. లేచి నా చేత్తో నేను తలుపు తీస్తాను, అప్పుడు రా" అంది. తలుపు దగ్గరికి వచ్చి వెనక్కి పోవడం కంటే ఇక్కడ తెరలకు రంగులేసుకోవడం మేలనుకున్నాను. వెయ్యి మరదలా, వెయ్యి.

నీ వదిన


ఇంటి నుంచి,
ఒంటి నిండా రంగుతో.

వదినగారికి,

రంగులు అందాయి. కొలతలు వేరే కాగితం మీద పెట్టాను. అవి మీ తమ్ముడు తీశారు. దర్జీ కదా, టేపు మెడలోంచి తియ్యకుండానే మంచం చుట్టూ తిరిగి, "చాతీ ఎంతుందో కూడా తియ్యనా?" అని అడిగారు. అత్తయ్య, "నా శవపేటికకా?" అన్నారు. ఆయన మొహం పాలిపోయింది. నేను పక్కకు తిరిగి దేవుణ్ణి తలుచుకున్నాను, తరవాత నవ్వొచ్చింది, క్షమించమన్నాను.

చిన్న కిటికీ వేశాను. మీరు చెప్పింది అక్షరం తప్పకుండా చేశాను. గోడ ఇంటికి బయటే ఉంది కాబట్టి, బయటికి ఉన్నదానికి పైన వెలుగు, కింద నీడ అన్నారు కాబట్టి, అలాగే వేశాను. వెలుగు వేస్తున్నప్పుడు రాళ్ళ నెత్తిన రంగు ఒక్కొక్కటిగా అంటుకుంటుంటే, ఎవరో ఇసకలో చక్కెర చల్లినట్టుంది. ఎంత సంతోషమైందో చెప్పలేను.

నిచ్చెన దిగి వెనక్కి వచ్చి చూశాను. కిటికీ ఉబ్బిపోయింది వదినా.

గదిలోంచి అత్తయ్య కేక. "ఏమే, గోడకి ఆ దిండెందుకు కుట్టావు?"

"దిండు కాదత్తయ్యా, కిటికీ."

"కిటికీయా! తల పెట్టి పడుకుందామంటే బాగానే ఉంది."

అప్పటి నుంచి బేకరీ వాళ్ళంతా దాన్ని దిండు కిటికీ అంటున్నారు. ఆయన పొద్దున ఓ ఉబ్బిన రొట్టె పట్టుకొచ్చి, దాని పక్కన పెట్టి చూసి మరీ వెళ్ళాడు. ఎక్కడ తప్పానో తెలియడం లేదు.

ఒక మంచి సంగతి. తిట్టడానికి అత్తయ్య మోచేతి మీద లేచారు. లేచిన సంగతి ఆవిడకే తెలియలేదు. నేనూ గుర్తు చెయ్యలేదు.

మీ మరదలు


రంగుల గది.

ఓ దిండమ్మా!

నీ ఉత్తరం మా వాళ్ళందరికీ చదివి వినిపించాను. హాస్యం వేసే ఆయన నేల మీద పడి దొర్లాడు. తప్పు నాదే. బయటికి, లోపలికి అంటే ఇంటికి కాదే తల్లీ, గోడకి! గోడలోంచి ముందుకు పొడుచుకొచ్చినది బయటికి ఉన్నట్టు. గోడలోకి గుంటగా పోయినది లోపలికి ఉన్నట్టు. కిటికీ గోడలోకి పోతుంది కదా, దానికి పైనా ఎడమా నీడ పడాలి, కిందా కుడీ వెలుగు. నువ్వు తిరగేశావు, అది పొంగి పూరీ అయింది.

దాని మీద గోడ రంగు కొట్టేసెయ్. ఈసారి నేను అసలు కొలతకే గీసి పంపుతున్నాను. దళసరి కాగితం మీద గీతల వెంట సూదితో పొడిచాను. కాగితం గోడకి అంటించి, మీ ఆయన దర్జీ సుద్దని పొడిచేసి గుడ్డలో మూటకట్టి, ఆ చిల్లుల మీద అద్దు. గీతలు గోడ మీదికి దిగుతాయి.

ఒకటే మాట. దగ్గర నుంచి చూస్తే గీతలు వంకరగా ఉంటాయి. నీకు సరిచెయ్యాలనిపిస్తుంది. చెయ్యకు. నీ దేవుడి మీద ఒట్టు పెట్టనుగానీ, నా మీద నమ్మకముంటే చెయ్యకు.

నీ వదిన


ఇంటి నుంచి,
చలి మొదలైంది.

వదినగారికి,

పని పూర్తయింది. మీరు చెప్పినట్టే పైన నీడ వదిలాను. గుంటల్లోకి నీలం దిగుతుంటే గోడ నిజంగానే లోపలికి పోయింది. భయం వేసి చెయ్యి పెట్టి చూశాను, గీరుకుంది, అప్పుడు నమ్మాను గోడే అని. పూలకుండీ మాత్రం నా సొంతంగా వేశాను.

కానీ వదినా, మంచం మీంచి చూస్తే అంతా వంకర. చట్రం ఒక పక్కకు ఒరిగింది. లోపలి నేల జారిపోతున్నట్టుంది. అత్తయ్య సంగతి మీకు తెలియనిది కాదు, గోడ మీద పటం వెంట్రుకంత ఒరిగినా అన్నం సహించదు. రోజూ పొద్దున కళ్ళు తెరవగానే, "అది సరిచేశావా?" అంటారు. లేదంటే మూతి ముడుస్తారు. వారం కిందట, "ఆ కాగితం గీసిందెవరు?" అని అడిగారు. వదినగారు అన్నాను. దుప్పటి మెడ దాకా లాక్కున్నారు. తరవాత, "చూపు కూడా మందగించిందన్నమాట దానికి" అని గోడ వైపు వీపు తిప్పి పడుకున్నారు.

ఇప్పుడు గోడ కూడా చూడటం లేదు. వట్టి గోడ ఉన్నప్పుడు కనీసం అటు తిరిగి ఉండేవారు. తినేది కూడా తగ్గింది. కాళ్ళు ముట్టుకుంటే సన్నబడ్డాయి. నా అజ్ఞానంతో ఉన్నది కూడా చెడగొట్టానని మనసు పీకుతోంది. కాగితం అంటించేటప్పుడు జారిందేమో, చేతులు బాగాలేవేమో. ప్రార్థనలో కూడా ఆ వంకర గీతలే కళ్ళ ముందు ఉంటున్నాయి. ఎలా సరిచెయ్యాలో వెంటనే రాయండి.

మీ మరదలు


రంగుల గది.

మరదలా,

నువ్వు ఏమీ చెడగొట్టలేదు. ముందు ఆ ఏడుపు ఆపు, తరవాత ఇది చదివి నన్ను తిట్టు.

మేము వేసే ప్రతి తెరకీ హాల్లో ఒక్క కుర్చీ ఉంటుంది. ఆ కుర్చీలోంచి చూస్తే మేడలు మేడల్లా నిలబడతాయి, వీధులు దూరంగా పోతాయి. పక్కకు జరిగేకొద్దీ ఒరుగుతాయి. తెర మొదలుపెట్టే ముందు ఆ కుర్చీ ఏదో తేల్చుకుంటాం. మన కిటికీని నేను మంచానికి గీయలేదు. పేము కుర్చీకి గీశాను. దాన్ని అమ్మ గది కిటికీ దగ్గర వేసి, అందులో కూర్చున్న మనిషి కంటికి గీశాను.

మంచం మీంచి సరిగ్గా కనిపిస్తే అమ్మ మంచం దిగదే. వంకర చూసి ఆవిడ ఊరుకోదు, ఏ రోజో విసుగెత్తి లేచి వచ్చి చూస్తుందనుకున్నాను. వీపు తిప్పుకుంటుందని ఊహించలేదు. అక్కడ నా లెక్క తప్పింది.

నీకెందుకు చెప్పలేదంటే, "ఎందుకు వంకరగా ఉంది?" అని అమ్మ అడిగినప్పుడు "తెలియదత్తయ్యా" అనేది నిజమై ఉండాలి. నీ మొహం అద్దం. తెలిసి దాచడం నీ వల్ల కాదు.

ఇక ఏం చెయ్యాలో నాకు తోచడం లేదు. ఆవిడ పక్కన ఉన్నది నువ్వు. నీకు ఎలా తోస్తే అలా చెయ్యి.

నీ వదిన


ఇంటి నుంచి.

వదినగారికి,

మీ ఉత్తరం చదివి నాకు కోపం వచ్చింది. నాకు కోపం రాదని మీరంతా అనుకుంటారు. నా చేతులు బాగాలేవని నేను రోజూ బాధపడుతుంటే మీకు తెలుసు, ఊరుకున్నారు. అబద్ధం ఆడించలేదు నిజమే, కానీ నన్ను నిజంలోకి రానివ్వలేదు. ఇది రాయకుండా మిగతాది రాయలేను, అందుకే ముందు రాశాను. ఇప్పుడు తేలికైంది.

దాచడం నా వల్ల కాదు కాబట్టి తిన్నగా వెళ్ళి అత్తయ్యకు చెప్పేశాను. "అది కుర్చీలోంచి చూడాలట. మిమ్మల్ని లేపాలని వదిన అలా గీశారట." గది దద్దరిల్లింది. "తల్లినే బుట్టలో వేద్దామనుకుందా? ఇక చచ్చినా లేవను, రాయి దానికి!" అన్నారు. అందుకే రాస్తున్నాను.

మరుసటి రోజు మధ్యాహ్నం ఉతికిన బట్టలు మడత పెట్టాలి. గదిలో పేము కుర్చీ తప్ప ఖాళీ లేదు. కిటికీ దగ్గరికి లాక్కుని కూర్చున్నాను. వదినా, నేను వేసిన గోడని నేనే అక్కడి నుంచి ఒక్కసారీ చూడలేదు. తల ఎత్తాను. చట్రం నిటారుగా నిలబడింది. గోడ వెనక ఒక గది ఉంది. నేల మీద ఎండ చాప పరిచినట్టు పడి, లోపల్లోపలికి వెళ్ళి, సగం తెరిచిన ఓ తలుపు దాకా పోయింది. నా నోట్లోంచి "అయ్యో" అని వచ్చేసింది. కావాలని కాదు, దేవుడు సాక్షి.

"ఏమైందే?" అన్నారు అత్తయ్య, వీపు అటే ఉంచి.

నేను చీర మడత మరిచి అటే చూస్తున్నాను.

"నిన్నే. ఏముందక్కడ?"

"చెప్పను అత్తయ్యా."

ఈ ఇంట్లో ఆ మాట నేనెప్పుడూ అనలేదు. ఆవిడ ఇటు తిరిగారు.

"ఏమన్నావు?"

"చెప్పలేను. చెబితే వచ్చేది కాదు. మీరే చూడాలి."

"నీకూ నోరొచ్చిందా?"

"వచ్చినట్టుంది అత్తయ్యా" అని లేచి కుర్చీ ఖాళీ చేసి, పక్కన నిలబడ్డాను. మడతపెట్టిన చీర మళ్ళీ మడతపెట్టాను.

ఆవిడ కర్ర అడగలేదు, "ఇటు చూడకు" అన్నారు. నేను గోడ వైపు తిరిగాను. మంచం కిర్రుమంది. మిమ్మల్ని తిట్టడం మొదలుపెట్టారు. ఒక తిట్టుకి ఒక అడుగు. చిన్నప్పుడు మీరు సున్నం గోడ మీద బొగ్గుతో గీసిన గాడిద దగ్గర నుంచి అన్నీ తవ్వితీశారు. మధ్యలో తిట్లు ఆగితే నా గుండె ఆగేది. మళ్ళీ మొదలైతే ప్రాణం లేచొచ్చేది. మీరు ఇంకాస్త అల్లరి చేసి ఉంటే బాగుండేదనిపించింది, దూరం ఇంకా మిగిలే ఉంది. నా భుజం మీద చెయ్యి పడింది. గట్టిగా పట్టుకున్నారు. కూర్చున్నారు.

తల ఎత్తి చూశారు. తరవాత, "మంచినీళ్ళు" అన్నారు. తెచ్చేసరికి చూస్తూనే ఉన్నారు. గ్లాసు చేతిలో పెడితే తాగడం మరిచిపోయారు.

ఇప్పుడు రోజూ వస్తున్నారు. మీ తమ్ముడు చూసి దుకాణంలోకి వెళ్ళి, తలుపేసుకుని, కళ్ళు తుడుచుకుని వచ్చారు. నిన్న వంటింటి దాకా నడిచి కూరలో ఉప్పు తక్కువని చెప్పి వెళ్ళారు. ఈ ఉత్తరం రాస్తుంటే, "దాన్ని రమ్మను. ఎప్పుడొస్తోందో ముందే చెప్పమను, తలుపు దాకా నాకు టైం పడుతుంది" అంటున్నారు.

రండి వదినా.

మీ మరదలు


రంగుల గది,
మీ దగ్గర్నుంచి తిరిగొచ్చిన మర్నాడు.

మరదలా,

క్షేమంగా చేరాను. తలుపు తీసింది చూశావుగా! నిలబడింది, కళ్ళలోకి చూసింది, అన్నదేమిటి? "జుట్టు ఎవరు కత్తిరించారే, ఎలకలా?" నేను దారి పొడుగునా దాచుకున్న ఏడుపు కాస్తా నవ్వైపోయింది.

కానీ ఉన్నన్ని రోజులూ ఎదురు చూశాను. గోడ గురించి ఒక్క మంచి మాట అంటుందేమోనని. పేము కుర్చీలో నన్ను కూర్చోబెట్టి, "ఆ పూలకుండీ నీడ తప్పు" అంది. అది నువ్వు వేసింది, నీ మీద చెప్పలేదులే, నా మీదే వేసుకున్నాను. జీవితమంతా తెరలు వేశాను, ఒక్క నాటకానికీ రాలేదావిడ. ఈ గోడైనా నచ్చుతుందనుకున్నాను. పోనీలే. నడిచింది, అది చాలు. చాలదని ఎవరన్నారు?

నీ వదిన


ఇంటి నుంచి.

వదినగారికి,

మీ ఉత్తరంలో చివరి రెండు మాటలూ నాలుగైదు సార్లు చదివాను. ఊరుకోలేక రాస్తున్నాను.

మీరు బండి ఎక్కిన సాయంత్రమే అత్తయ్య బేకరీ ఆయన్ని పిలిపించారు. పొగ గురించి తిట్టడానికేమోనని ఆయన చేతులు తుడుచుకుంటూ వచ్చాడు. కుర్చీలో కూర్చోమన్నారు. కూర్చున్నాడు. తన గోడని తానే చూసి నోరు తెరిచాడు. "మా అమ్మాయి గీసింది" అన్నారు అత్తయ్య. అంతటితో ఆగలేదు. కుర్చీ సంగతి, కంటి ఎత్తు సంగతి, పైన నీడ ఎందుకు పడాలో, నలుపు ఎందుకు ముట్టుకోకూడదో, మీరు భోజనాల దగ్గర మాటల్లో అన్నవన్నీ పొల్లు పోకుండా అప్పజెప్పారు. ఆ వేళ మీరు చెబుతుంటే ఆవిడ పళ్ళెంలోకి చూస్తూ వినడం లేదనుకున్నాం కదా.

ఆ తరవాత పాలు పోసే ఆవిడ, డాక్టరుగారు, మీ తమ్ముడి దుకాణానికి గుండీలు కుట్టించుకోవడానికి వచ్చినాయన, ఎవరొచ్చినా ముందు ఆ కుర్చీ. "మా అమ్మాయి" అన్నప్పుడు ఆవిడ గొంతు ఎలా ఉంటుందో రాయడం నాకు రాదు. నిన్న అందరూ వెళ్ళాక నన్ను అడిగారు, "అది వేసే నాటకాలు ఎక్కడ ఆడతారే? మెట్లు ఎక్కువా?" అని. కనుక్కుంటానన్నాను. మెట్ల సంగతి మీరే రాయాలి.

వెంటనే నా వైపు వేలు చూపించి, "ఇవేవీ దానికి చెప్పకు. నెత్తికెక్కుతుంది. మాట ఇయ్యి" అన్నారు. ఇచ్చాను. ఇచ్చిన మాట తప్పే మనిషిని కాను, మీకు తెలుసు. పొద్దున ప్రార్థనలో కూర్చుని బాగా ఆలోచించాను. చెప్పనని మాట ఇచ్చాను. రాయనని ఇవ్వలేదు.

అందుకని వదినా, ఈ కాగితాలు పారెయ్యకండి, మీ రంగుల గదిలో జాగ్రత్తగా పెట్టుకోండి. మనసు బాగాలేనప్పుడు తీసి చదువుకోండి. ఎవరికీ చూపించవద్దు, ఆ హాస్యం ఆయనకు అసలే వద్దు. ముఖ్యంగా అత్తయ్య అక్కడికి నాటకం చూడటానికి వచ్చినప్పుడు, ఇవి ఆవిడ కంట పడకుండా చూసుకోండి.

మీ మరదలు